ఇంకొక్క చుట్టు

కుళాయి కట్టేశాక ఆయన ఇంకొక్క చుట్టు తిప్పేవాడు. సీసా మూతయినా, సైకిలు నట్టయినా అంతే. ఇంట్లో ఎవరికి దాహం వేసినా ముందు ఆయన చేతితో కుస్తీ పట్టాలి. కార్ఖానాలో వెనకాల ‘బిగింపు’ అనేవారు.

ఆయన పని ప్రెస్సు. చక్రం తిప్పి పొడిని బిళ్లలుగా నొక్కడం. ఏళ్ల తరబడి సున్నపు బిళ్లలు నొక్కాడు. ఆయన బిళ్ల నేలకేసి కొట్టినా పగలదు. ఆయన పరువంతా అదే.

రసాయన శాస్త్రం చదివిన కోడలు అదే కార్ఖానాలో చేరింది. ఆమె పొడి వేరు. నిండా కంటికి కనపడని రంధ్రాలు. అందులో వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని కార్బన్ గొట్టాలు కలిపింది. పొగలోని బొగ్గుపులుసు వాయువును ఆ రంధ్రాలు పట్టి ఉంచాలి. పొడిగా వాడితే పొగతోపాటు ఎగిరిపోతుంది. బిళ్ల చేయక తప్పదు. బిళ్ల చేశాక అది ఏమీ పట్టడం లేదు.

“పిండి కొద్దీ రొట్టె,” అన్నాడాయన, గోడతో. కోడలితో ఆయన మాటలన్నీ గోడ ద్వారానే.

“ఆడలేక మద్దెల ఓడన్నారట,” అంది కోడలు, అదే గోడతో.

యజమాని ఇద్దరినీ పిలిచాడు. “రేపు కొనేవాళ్లు వస్తున్నారు. బిళ్ల పనిచెయ్యకపోతే మీలో ఒకరు ఇంటికే. పొడి తప్పయితే ఆ అమ్మాయి. చెయ్యి తప్పయితే నువ్వు.”

కోడలు త్రాసు మీద పొడి పోసి, గాజు మూత పెట్టి, వాయువు వదిలింది. అంకె పైకి పాకింది. పొడి తీసి ఆయన బిళ్ల పెట్టింది. అంకె కదల్లేదు.

“చూశారా మావయ్యా? నలిపి రంధ్రాలన్నీ చంపేశారు. చక్రం బరువెక్కగానే వదిలెయ్యండి, చాలు.”

“చేత్తో నలిపితే రాలిపోయే బిళ్ల నా ప్రెస్సులోంచి రాదు.”

“రాలదు. గొట్టాలు పట్టి ఉంచుతాయి.”

“నాకు పని నేర్పుతున్నావా?”

“మీకు నేర్పడం ఎవరి తరమూ కాదని మీ అబ్బాయి ముందే చెప్పాడు లెండి.”

ఆయన ఆ బిళ్లను తీసి నేలకేసి కొట్టాడు. పగల్లేదు. ఎవరూ మెచ్చుకోలేదు.

సాయంత్రం భార్య అడిగింది. “పిల్ల చెప్పినట్టు చేస్తే మీ సొమ్మేం పోయింది?”

“చెయ్యి పోతుంది,” అన్నాడు. అన్నం సగంలో వదిలి లేచాడు.

మర్నాడు పొద్దున ఇంటి కుళాయిని ఎప్పటికన్నా గట్టిగా బిగించాడు. కోడలు మొహం కడుక్కోవడానికి పట్టకారు వెతుక్కుంటుంటే నిలబడి చూశాడు. చెప్పులేసుకుని కార్ఖానాకు వెళ్లాడు. ఆమె పొడి పోశాడు. చక్రం తిప్పాడు. బరువెక్కింది. రెండు చేతులూ తీసి వెనక్కి కట్టుకున్నాడు. తర్వాత బిళ్లను తీసి, కోడలి చేతికివ్వకుండా బల్ల చివరన, ఆమె లేచి వచ్చి తీసుకోవాల్సినంత దూరంలో పెట్టాడు.