అద్దం పట్టిన పూట

పోయిన నెల నా కుడికంటికి శుక్లం తీశారు. మా అమ్మాయి కన్నా చిన్నదైన డాక్టరమ్మ "పది నిమిషాల పని తాతగారూ, అంతా మిషనే చేసేస్తుంది" అంది. అన్నట్టే పది నిమిషాల్లో ముగించి, కంటికి కట్టు కట్టి, రేపు పొద్దున విప్పుతాం, అంతవరకూ చెయ్యి పెట్టొద్దని చెప్పి పంపింది. నేను చెయ్యి పెట్టలేదు గానీ, కట్టు కింద కన్ను ఊరుకోలేదు. ఆ చీకట్లో గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టేది. అంచులు నల్లబడుతూ పెద్దదయ్యేది. దాని వెనక నుంచి ఎవరో నన్నే చూస్తున్నట్టు ఉండేది. మందుల వేడి అంది మా ఆవిడ. అది మందుల వేడి కాదని నాకు తెలుసు. ఆ మచ్చను నేను నలభై ఏళ్ళ క్రితం నంద్యాలలో, మార్నింగ్ షోలో, మా మామ పక్కన కూర్చుని చూశాను.

మా మామ, అంటే మా ఆవిడ తండ్రి, ఆళ్లగడ్డలో దేవుళ్ళను చెక్కేవాడు. నేనూ ఆ కులంలోనే పుట్టాను గానీ ఉలి పట్టలేదు, సుద్దముక్క పట్టాను. నంద్యాలలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాడిని. మామకు నామీద అభిమానం ఉండేది, కాకపోతే చేతికి కాయలు కాయని మగవాడి మీద ఎంత ఉండాలో అంతే. ఆయన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విగ్రహంలో అన్నీ పూర్తయినా కళ్ళు మాత్రం తెరవరు. రెప్పల చోట కోడిగుడ్డులా నున్నటి ఉబ్బు వదిలేస్తారు. ముహూర్తం నాడు పొద్దున్నే, ఉపవాసం ఉండి, ఉలితో ఆ ఉబ్బు మీద కంటిపాప గీస్తారు. ఆ సమయంలో ఎదురుగా మనిషి ఉండకూడదు, అద్దం ఉండాలి. రాయి మొదటి చూపు తన ముఖం మీదే పడాలి. అద్దం పట్టేవాడు కూడా విగ్రహం భుజం పక్కన నిలబడి, చెయ్యి చాపి, ముఖం తిప్పుకోవాలి. ఎందుకు అని పెళ్ళయిన కొత్తలో అడిగాను. "ఆ మొదటి చూపులో ఉండే ఆకలిని మనిషి తట్టుకోలేడు నాయనా" అన్నాడు మామ. సైన్సు మాస్టరును కాబట్టి నవ్వాను.

ఆ ఏడు గోస్పాడు దగ్గరి ఒక ఊరివాళ్ళు అమ్మవారి విగ్రహం చెయ్యమని చెప్పారు. మూడడుగుల నల్లరాయి, కూర్చున్న అమ్మవారు. అన్నీ అయిపోయాయి, కళ్ళు మిగిలాయి. అయితే మామ కళ్ళకే పొర కమ్మింది. ఊరివాళ్ళకు తెలియనివ్వలేదు. వాళ్ళు వస్తే చేత్తో రాయిని తడుముతూ, ఏదో లోతుగా ఆలోచిస్తున్నవాడిలా నటించేవాడు. రాయి అంటే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసుకునే పలక కాదు. ఒక్క దెబ్బ పక్కకు పోతే ముఖం పోతుంది, ముఖం పోతే ఆయన పేరు పోతుంది. కొడుకు, అంటే నా బామ్మర్ది, అప్పుడే కరెంటు గ్రైండరు తెచ్చుకున్నాడు. అది పెట్టే రొదకు వీధిలో కుక్కలు కూడా చోటు మార్చుకున్నాయి. "నాయనా, నేను చేస్తా, ఒక్క గడియ పని" అన్నాడు వాడు. "ఆ దయ్యాన్ని అమ్మ ముఖం కాడికి తెచ్చినావంటే చెయ్యి నరుకుతా" అన్నాడు మామ. అంతే, ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. రాళ్ళు చెక్కే కొట్టానికి ఆ కొసన గ్రైండరు, ఈ కొసన ఉలి. మధ్యలో మా అత్త అన్నం పళ్ళాలు మోసేది.

ముహూర్తం నాలుగు రోజులుందనగా మామ నంద్యాలకు వచ్చాడు, కంటి డాక్టరుకు చూపించుకోవడానికి. ఆ కాలంలో శుక్లం ముదిరితే గానీ కోసేవారు కాదు. "ఇంకా పండలేదు పెద్దాయనా, ఏడాది ఆగు" అన్నాడు డాక్టరు. బయటికొచ్చాం. ఆళ్లగడ్డ బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. నడుస్తూ నడుస్తూ మామ సినిమా హాలు గోడ దగ్గర ఆగాడు. గోడంతా గీసిన బొమ్మలు. ఒకవైపు జడలు విరబోసుకున్న ముసలి మంత్రగత్తె, మరోవైపు ఇనప తొడుగుల రాజు. పైన ఇంగ్లీషు అక్షరాలు, మూలన పెద్ద సున్నాలో 'ఎ'.

"ఏందప్పా ఇది, బొమ్మల పిక్చరా?"

"అవును మామా. కానీ పెద్దలకు మాత్రమే అంట."

"నేను పిల్లోన్నా? పా, పోదాం."

పిల్లనిచ్చిన మామతో 'ఎ' సినిమాకు పోయిన అల్లుడు మా జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను. పైగా దూరం నుంచి కనపడదని ఆయన ముందు బెంచీలోనే కూర్చుంటానన్నాడు. మాకు రెండు వరసల వెనక, తువ్వాలు ముసుగేసుకుని కూర్చున్న మనిషి దగ్గును నేను గుర్తుపట్టాను. అది మా హెడ్‌మాస్టరు దగ్గు. ఆయనా నన్ను గుర్తుపట్టాడు. ఆ తర్వాత నేను సెలవు అడిగితే ఒక్కసారి కూడా కాదనలేదు.

హాలు సగం నిండింది, అందరూ ఇంకేదో ఆశించి వచ్చినవాళ్ళే. పది నిమిషాలకు ఈలలు, అరగంటకు తిట్లు, ఆ తర్వాత తలుపుల చప్పుడు. మిగిలినవాళ్ళం కొద్దిమందిమి. నాకొచ్చిన ఇంగ్లీషుతో మామకు చెప్పబోతే "నువ్వుండు, తెలుస్తాంది" అన్నాడు. తెలియడానికి మాటలు అక్కర్లేదు కూడా. అడవిలో ఆ ముసలామె బూడిదతో నేల మీద బొమ్మ గీస్తే అది లేచి నడిచేది. ఇనప రాజు కోటలో చక్రాలు తిరిగి, అచ్చుల్లోంచి సైనికులు వరసగా రాలేవారు. ఆ సైనికులకు కళ్ళు లేవు. కళ్ళ చోట నున్నటి ఉబ్బులు. అది చూసి మామ నా మోకాలు పట్టుకున్నాడు. బూడిద బొమ్మలు తెగిపడుతున్నాయి, అడవి కాలుతోంది. చివరికి ముసలామె ఒక ఇనప సైనికుణ్ణి కిందపడేసి, వాడి ముఖం మీద వేలితో రెండు కళ్ళు గీసింది. వాడు కదలకుండా కాసేపు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా తల తిప్పాడు. ఆమె వైపు కాదు, మా వైపు.

సరిగ్గా అక్కడ రీలు ఇరుక్కుంది. ఆ ముఖం తెర నిండా నిలిచిపోయింది. హాల్లో ఒక్క చప్పుడు లేదు. పైన మిషను తిరిగే రొద కూడా ఆగింది. ఎంతసేపో తెలియదు, ఆ రెండు కళ్ళు మమ్మల్ని చూశాయి. అప్పుడు ఆ ముఖం కుడికంట్లో గోధుమరంగు మచ్చ లేచింది. అంచులు నల్లబడుతూ, బుడగలు కడుతూ, ముఖాన్ని తినేసింది. దాని వెనక వట్టి తెల్లటి వెలుగు. ఫిల్ము వేడికి కాలిందని నాకు తెలుసు, అది ఎందుకు కాలుతుందో పాఠం కూడా చెప్పగలను. అయినా భయమేసింది. మామ లేచి నిలబడి, తెరకు అడ్డంగా రెండు చేతులూ చాపి అరిచాడు. "అద్దం పట్టండ్రా! ఎవురన్నా అద్దం పట్టండ్రా!"

ఎవరో పకపకా నవ్వారు. నేను ఆయన్ని పట్టుకుని బయటికి తెచ్చాను. ఆ సినిమాలో ఎవరు గెలిచారో, మంత్రమో మిషనో, నాకు ఈరోజుకీ తెలియదు. బస్టాండు పక్క హోటల్లో టీ ముందు పెట్టుకుని మామ అడిగాడు.

"ఆ ముసల్దాన్ని గీసినోడూ, ఆ ఇనప రాజును గీసినోడూ వేరేనా, ఒకడేనా?"

"ఒకళ్ళే మామా. ఒక గుంపు ఉంటుంది, అన్నీ వాళ్ళే గీస్తారు."

"ఒకడే చెయ్యి" అన్నాడు. "అయితే ఆ గుంపులో అద్దం పట్టే నాబట్ట ఒక్కడూ లేడా?"

ముహూర్తం నాటి పొద్దున కొట్టంలో మామ, బామ్మర్ది, నేను, ముగ్గురమే ఉన్నాం. ఊరి పెద్దలు వాకిలి బయట ట్రాక్టరు దగ్గర ఉన్నారు. నేను అమ్మవారి ఎడమ భుజం పక్కన అద్దం చాపి, ముఖం గోడవైపు తిప్పుకున్నాను. మామ అవతలి భుజం దగ్గర. ఉలి చప్పుడు చిన్నగా, గుడ్డును లోపలి నుంచి పొడిచే కోడిపిల్లలా మొదలైంది. బొటనవేలితో తడుముకుంటూ ఒక కన్ను పూర్తి చేశాడు. తర్వాత చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలవుతుందని చూశాను, మొదలవలేదు.

"ఒరే" అన్నాడు మామ. ఆ గొడవ తర్వాత కొడుకుతో అన్న మొదటి మాట అది. "నాకు కనపడ్ల్యా. నువ్వు రా."

బామ్మర్ది వచ్చి, తండ్రి చేతిలో ఉలి కోసం చెయ్యి చాపాడు.

"ఇది నీకు లొంగదు. నీది నువ్వు తెచ్చుకో. అద్దం మాత్రం కదలగూడదు."

గ్రైండరు మొదలైంది. తెల్లటి దుమ్ము నా మెడ మీద పడింది. మిషను ఆగాక వచ్చిన నిశ్శబ్దం, హాల్లో రీలు ఇరుక్కున్నప్పటి నిశ్శబ్దమే. నేను తట్టుకోలేకపోయాను. తల తిప్పి అద్దంలోకి చూశాను. రెండు కళ్ళు. అవి తమ ముఖాన్ని చూసుకోవడం లేదు, నన్ను చూస్తున్నాయి. అద్దంలో నాకు ఆమె కళ్ళు కనపడితే ఆమెకు నా కళ్ళు కనపడతాయి. కాంతి పరావర్తనం, ఎనిమిదో తరగతి, ఏటా నేనే చెప్పేవాడిని. ఆ పాఠం నన్ను కొంచెం కూడా ఆదుకోలేదు. ఆ చూపులో కోపం లేదు, దయ లేదు. ఉన్నదల్లా మామ చెప్పిన ఆకలి.

తర్వాత ఏమైనా జరిగిందా అంటే ఏమీ జరగలేదు. అమ్మవారు ట్రాక్టరెక్కి వెళ్ళిపోయింది. ఆ ఊరికి నేనెప్పుడూ పోలేదు. అద్దం ముందు గడ్డం గీసుకునేటప్పుడు కూడా గడ్డాన్నే చూసుకునేవాడిని, కళ్ళను కాదు. ఈ భయం ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడు మామకు ఆపరేషన్ అయింది, సీసా అడుగులాంటి కళ్ళజోడు వచ్చింది, ఉలి మాత్రం మళ్ళీ పట్టలేదు. చివరి రోజుల్లో ఒకసారి మంచం పక్కకు పిలిచాడు.

"ఆ పొద్దు నువ్వు తిరిగి చూసినావు గదా?"

నేను తల వంచుకున్నాను.

"తిట్టడానికి గాదులే. ఆ రెండు కండ్లల్లో నేను చేసింది ఏదో తెలిసినాదా?"

ఆ రెండు కళ్ళనూ గుర్తు చేసుకున్నాను. అద్దంలో కుడి ఎడమలు తారుమారు కాబట్టి కాదు. నిజంగానే రెంటికీ తేడా లేదు. "తెలియలేదు మామా" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "అయితే బాగనే చేసినాడు నా కొడుకు" అన్నాడు.

కట్టు విప్పే పొద్దున మా ఆవిడ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కకు జరగమన్నాను. నర్సమ్మను అద్దం అడిగితే, ఈ వయసులో ఈ ముసలాయనకు సోకేమిటనుకుందేమో, నవ్వుతూ తన సంచిలోంచి చిన్నది తీసి పట్టింది. అందులో ఒక కన్ను మా అమ్మ ఇచ్చింది, ఒకటి మిషను పెట్టింది. రెండూ నన్నే చూస్తున్నాయి. నలభై ఏళ్ళలో మొదటిసారి నేను చూపు తిప్పుకోలేదు. వెలుగు కన్ను మూసి తెరిచేలోపు వచ్చేస్తుందని అన్నేళ్ళు పిల్లలకు చెప్పాను. ముహూర్తం నాడు ఆళ్లగడ్డలో అమ్మవారి కళ్ళలో బయల్దేరిన చూపు మాత్రం నన్ను చేరడానికి నలభై ఏళ్ళు పట్టింది.