దూలగొండి తువ్వాలు

నా చిన్నప్పుడు నాకు పులంటే భయం లేదు గాని, బడి గౌనంటే చచ్చేంత భయం. డుంబ్రిగుడ దగ్గర కొండ కింద మా ఊరు, ఊళ్లోనే సర్కారు బడి. ఆ ఏడు చలికాలం ఆడపిల్లలందరికీ నీలం గౌన్లు పంచారు. మందపు గుడ్డ, గంజి పెట్టి అట్టలా ఉండేది. మెడ దగ్గర కుట్టు తగిలితే చాలు, నాకు ముళ్లకంపలో పడ్డట్టుండేది. మిగతా పిల్లలు అదే వేసుకుని గంతులేసేవారు. నాకే ఎందుకలా ఉంటుందో చెప్పడానికి మాటలు లేవు. అసలు నాకు మాటలే తక్కువ. ఎవరైనా పిలిస్తే నేల చూసేదాన్ని, గంట కొడితే చెవులు మూసుకుని అరిచేదాన్ని.

అయినా బడంటే ఇష్టం నాకు. పలక మీద 'అ' దిద్ది, చెరిపి, మళ్లీ దిద్దుతూ పొద్దంతా గడిపేదాన్ని. ఇంట్లో కంటే అక్కడే నా మనసు కుదురుగా ఉండేది.

మా మాస్టారు మైదానం నుంచి వచ్చిన మనిషి. ఒకరోజు పాఠం మధ్యలో ఓర్చుకోలేక గౌను విప్పి పారేశాను. ఆయన చింతబరికె అందుకున్నాడు. "ఏటే గుంటా, గౌనిప్పేసినావు? సిగ్గు నేదేటే?" అంటూ వాతలు తేలేలా కొట్టాడు. తరవాత పిల్లల్ని పిలిచి, "పట్టుకోండి దీన్ని. గొంతుదాకా బొత్తాలెట్టండి" అన్నాడు. నా పక్కన కూర్చునే పిల్లలే నా చేతులు విరిచి పట్టుకున్నారు. నేను గింజుకుంటుంటే ఒకటే నవ్వు. అది మొదలు వాళ్లకదొక ఆట అయిపోయింది. ఊళ్లోవాళ్లు దయ్యం పట్టిందన్నారు. మా అమ్మ వాళ్ల మాట విని నా ముఖానికి మిరపకాయల పొగ పెట్టించింది. దగ్గి దగ్గి కళ్లు వాచిపోయాయి గాని దయ్యం మాత్రం బయటికి రాలేదు. ఉంటేగా రావడానికి!

ఇంకోసారి గౌను విప్పితే బడిలోంచి పేరు కొట్టేస్తానని మాస్టారు ఇంటికి కబురు పెట్టాడు.

ఆ కబురు విన్నది మా నాయనమ్మ. నా గౌను తీసి తన మెడకు రుద్దుకుని చూసింది, నా మెడ మీది ఎర్రటి గీత తడిమింది. మర్నాడు పొద్దున్నే అడవికి పోయి, ఆకులో దూలగొండి కాయ చుట్టుకుని నా వెంట బడికి వచ్చింది. దాని నూగు తగిలితే ఎంతటివాడైనా ఒళ్లు గీరుకుని చావాల్సిందే. మావాళ్లు ఆ తీగ కనబడితే దూరంగా తప్పుకుపోతారు. బడి కంచె మీద మాస్టారి తువ్వాలు ఆరుతోంది. నాయనమ్మ ఆకు విప్పి కాయను ఆ తువ్వాలు మీద దులిపింది.

చలికి ఆయన ఆ తువ్వాలే మెడకు చుట్టుకున్నాడు. కాసేపటికి గోకుడు మొదలైంది. తువ్వాలు విసిరికొట్టాడు, చొక్కా చింపుకున్నాడు, బనీను కూడా పీకేసి పిల్లలందరి ముందూ గోడకు వీపు రాసుకుంటూ కేకలు పెట్టాడు.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటి బాబూ, సొక్కా ఇప్పేసినారు? సిగ్గు నేదేటి?" అంది. పిల్లల వైపు తిరిగి, "పట్టుకోండి బాబుని. గొంతుదాకా బొత్తాలెట్టండి" అంది. ఒక్కరూ కదల్లేదు. "మా గుంటకి ఆ గౌను రోజూ ఇలాగే ఉంటాది బాబూ. పేడ రాసుకోండి, తగ్గిపోద్ది."

ఆయనకు అర్థమైంది. మనుషుల ముఖాల్లోకి చూడని నేను ఆ రోజు ఆయన ముఖంలోకి తేరిపార చూశాను, అందుకే చెబుతున్నాను. అర్థమయ్యాక కూడా, ఒంటి మంట తగ్గగానే నా పేరు కొట్టేశాడు. పలక లాక్కున్నాడు. నాయనమ్మ ఆయన కాళ్లు పట్టుకుని బతిమాలింది. లాభం లేకపోయింది. మళ్లీ నేను బడి గడప తొక్కలేదు. మన బాధ తెలిస్తే ఎదుటివాడికి జాలి పుడుతుందనుకోవడం వట్టి భ్రమ అని నాకు ఆ వయసులోనే తెలిసింది.

నాయనమ్మ ఆ గౌనును గెడ్డ నీళ్లలో రాయి మీద బాది బాది మెత్తబడ్డాక తిరగేసి తొడిగింది. కుట్లు బయటికొచ్చాయి, నాకేమీ గుచ్చుకోలేదు. అంత చిన్న పని! దానికి నా చదువు పోయింది.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది నా మనవరాలు. అచ్చం నా పోలికే. ఈ తీరును ఆటిజం అంటారని విశాఖలో డాక్టరమ్మ చెప్పింది. దాని బడి చొక్కా తిరగేసి తొడిగే పంపుతాను. మొన్న కొత్త టీచరమ్మ అదేమిటని కోప్పడితే నేనే వెళ్లి నచ్చచెప్పాను. పాపం, విన్నది. వినకపోతే? నేను మా నాయనమ్మ మనవరాలిని. సంచిలో ఆకులో చుట్టిన దూలగొండి కాయ వేసుకునే వెళ్లాను. అది ఇప్పటికీ సంచిలోనే ఉంది.