మీగడ రంగు కారు కింద చమురు మరక

పోయిన వారం తాడిపత్రి రోడ్డులో ఒక ముసలి లారీ వెనక ఇరుక్కుపోయాను. దాని కింద ఎక్కడో చమురు కారి, కాలుతున్న సైలెన్సర్ మీద చుక్క చుక్కగా పడుతున్నట్టుంది; అద్దాలు బిగించి ఏసీ వేసుకున్నా ఆ వాసన లోపలికి చొరబడింది. పక్కన కూర్చున్న మా అబ్బాయి ముక్కు మూసుకుని "దాటెయ్యమ్మా" అన్నాడు. రోడ్డు ఖాళీగానే ఉంది, దాటొచ్చు. నేను మాత్రం ఐదారు మైళ్ళు ఆ లారీ వెనకే పోయాను, వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నా సరే. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది మరి.

మా నాయన దస్తగిరి కారు డ్రైవరు. యాడికి అనే పెద్ద ఊరికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్ళో ఒక పెద్ద భూస్వాముల ఇల్లు ఉండేది. నాయన తోలేది ఆ ఇంటి కారే; పెద్దాయన ఎప్పుడో బెంగళూరులో ఒక మిల్లు యజమాని దగ్గర ముచ్చటపడి కొనుక్కొచ్చిన విదేశీ కారు అది. మీగడ రంగు. మా ఇంటికంటే పొడుగని నేను బళ్ళో కోతలు కోసేదాన్ని గానీ, అది పూర్తిగా కోత కూడా కాదు. ముదురు ఎరుపు తోలు సీట్లు, ముందర నునుపైన చెక్క పలక, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, మూసినా చప్పుడు చెయ్యని బరువైన తలుపులు. నాయన చెప్పులు బయట విడిచి గానీ అందులో కూర్చునేవాడు కాదు. తెల్లవారుజామున నమాజు ముగించుకుని పోయి, మెత్తటి గుడ్డతో దాని దీపాలు, నికెల్ పట్టీలు, చక్రాల మధ్య బిళ్ళలు తుడిచి తుడిచి, ఎండ ఎక్కాక ఇంటికొచ్చి సంగటి ముందు కూర్చుంటే, అమ్మ ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ దెప్పేది. "మా మొగాలు ఒక్కనాడన్నా ఇంత సేపు చూసినావా?" అంటే నాయన నవ్వి ఊరుకునేవాడు.

పెద్దాయన పోయాక కారు, పొలాలు, రాజకీయం, మా నాయన అన్నీ కలిపి కొడుకు ప్రతాప్ చేతికి వచ్చాయి. ఊరంతా ఆయన్ను ప్రతాపన్న అనేది. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైనా నాయన కూడా అన్నా అనే పిలిచేవాడు.

మా నేల సంగతి తెలియనివాళ్ళకు ఆ రోజుల్లో దుమ్మంటే ఏమిటో చెప్పడం కష్టం. ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి లేచేది. వానకోసం దున్ని పెట్టుకున్న ఎర్ర చెలకల మీద నుంచి మన్ను లేపుకుని వచ్చి ఇళ్ళమీద కుమ్మరించేది. కళ్ళలో దుమ్ము, జడల్లో దుమ్ము, పండ్లకింద కరకరలాడుతూ సంగటిలో దుమ్ము. మేము ఆడపిల్లలం లంగాలు రెండు చేతులా పట్టుకుని, అవి గాలికి బుడగల్లా ఉబ్బుతుంటే కేకలు పెడుతూ బడిదాకా గాలికి ఎదురు పరిగెత్తేవాళ్ళం. అరుగుమీద అచ్చనగండ్లు ఆడుదామని కూర్చుంటే, ఆటకు ముందు అరుగు ఊడ్చుకోవాలి, ఆట మధ్యలో ఇంకోసారి ఊడ్చుకోవాలి. బిందెడు నీళ్ళకు ఊరవతల బోరింగు దగ్గర జగడాలాడి తెచ్చుకునే ఊళ్ళో, ఆ నీళ్ళలో మన్ను పడితే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ప్రతి ఇంట్లోనూ కడవ మూతికి పాత గుడ్డ రెండు మడతలు వేసి, దారంతో బిగించి కట్టేవాళ్ళు. నోరు తెరుచుకున్నది ఏది కనపడినా గుడ్డ కట్టడం మాకు చేతి అలవాటు అయిపోయింది.

ఏ ఏడు మొదలైందో నాకు గుర్తులేదు గానీ, కారు కింద చమురు పడడం మొదలైంది. మొదట ఉదయానికి రూపాయి బిళ్ళంత మరక. తరవాత దోసెంత. నాయన కొట్టంలో కారు కింద ఇసుక పోశాడు, రేకు పెట్టాడు, వెల్లకిలా పడుకుని దాని పొట్టలోకి చూస్తూ గంటలు గడిపాడు. యాడికి మేస్త్రీకి చూపిస్తే, చమురు అడుగున కారుతోంది కాబట్టి అడుగున చమురు నిలిచే ఛాంబర్ ప్యాకింగ్ పోయిందని మార్చాడు. పది రోజులు బాగుంది. పదకొండో రోజు పైనున్న మూత అంచునుంచి కారింది. ఆ ప్యాకింగ్ మారిస్తే వెనక సీలు దగ్గర. ఇక్కడ మూస్తే అక్కడ. నాయన సరిగా తిండి తినడం మానేశాడు. కారు పక్కన నిలబడి దాన్ని చూసే చూపు, జ్వరమొచ్చిన పిల్లను చూసే చూపులా ఉండేది.

ఆ సంవత్సరమే ప్రతాపన్నకు తాడిపత్రిలో సంబంధం చూశారు. ఆడపిల్లవాళ్ళు కొత్త ఇల్లు కట్టి, ముందర నున్నగా పాలిష్ పట్టిన బండలు పరిచారట. కారు తీసుకుపోయి సరిగ్గా ఆ బండల మీద నిలిపారు. పిల్లను చూసి, కాఫీలు తాగి, బయటికి వచ్చేసరికి బండమీద తాంబూలం పళ్ళెమంత నల్ల మరక. బండ నూనె తాగితే ఇక వదలదు. ఆ ఇంటి ముసలాయన మరకను చూసి, కారును చూసి, "బండి పెద్దదే, కానీ పసిబిడ్డ మాదిరి తడుపుతాందే" అన్నాడట. అందరూ నవ్వారు. ప్రతాపన్న నవ్వలేదు.

మరుసటి రోజు ఆయన మా ఇంటి ముందుకు వచ్చి నిలబడే చెప్పాడు. "దస్తగిరీ, పీర్ల పండగ లోపల ఇది కారేది నిలబడల్ల. లేకుంటే పాతసామాన్ల గుజరీకి తోలిచ్చి కొత్త జీపు తెచ్చుకుంటా. జీపుకు డ్రైవరు ఉండాడు నాకు."

ఎంత కోపంలో అన్నా, ఆ మాటకు అర్థం అమ్మకు తెలుసు, నాకూ తెలిసింది. ఇంకో బండి తోలడం నాయనకు చాతకాదు. యాభై దాటిన మనిషి, చేతులకు ఆ గేరు కడ్డీ తప్ప వేరేది అలవాటు లేదు. ఉండే ఇల్లు కూడా వాళ్ళదే.

పండగ వారం రోజులుందనగా తాడిపత్రిలో ఎర్రిస్వామి మేస్త్రీ షెడ్డుకు కారును తీసుకుపోయారు. నాయన మీద నమ్మకం సడలిందేమో, ప్రతాపన్న తనూ వచ్చాడు. బడి సెలవు కాబట్టి, ఏడ్చి మొండికేసి నేనూ ఎక్కాను. ఎర్రిస్వామి బక్కపలచటి మనిషి, చెవిలో బీడీ, మాట తక్కువ. ఆయన ఏ ప్యాకింగూ విప్పలేదు. ఇంజన్‌ను కిరసనాయిలుతో కడిగాడు, ఆరబెట్టాడు. తరవాత పక్కింటికి పోయి దోసెడు ముగ్గుపిండి అడిగి తెచ్చి, పల్చటి గుడ్డలో మూటకట్టి, ఇంజన్ మీద తట్టాడు. నల్లటి ఇంజన్ కాస్తా బూడిద పూసుకున్న సన్యాసిలా తెల్లబడింది. నాకు నవ్వొచ్చింది. ఇంజన్ ఆడించమన్నాడు. నాయన ఆడించాడు. కాసేపటికి ఆ తెలుపు మీద సన్నటి నల్ల దారాలు దిగడం మొదలైంది, ఒకటి కాదు, మూడు చోట్ల నుంచి.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "మూడు తావుల్లో ఒకేతూరి కారుతాందంటే ప్యాకింగ్‌ది కాదప్పా తప్పు" అన్నాడు. చమురు పోసే మూత తిప్పి వదులు చేసి, దానిమీద అరచెయ్యి పెట్టాడు. మూత కింద నుంచి బుస్సుమని పొగ కొట్టింది. "సూడు ప్రతాపన్నా, అన్నం కుండకు మూత బిగిస్తే గంజి ఎట్ల పొంగుతాది? ఇదీ అంతే. లోపల ఆవిరి బయటికి పోయేకి ఒక గొట్టం ఉంటాది. అది యాడనో మూసుకోని ఉండాది. దోవ లేక సందు దొరికిన తావంతా చమురును తోస్తాండాది."

అప్పుడు నాయన ముఖం చూశాను. పెద్దవాళ్ళ ముఖాలు చదివే వయసు కాదు నాది, అయినా ఏదో అయిందని తెలిసింది. ఆయన చెయ్యి కారు మడ్‌గార్డు మీద ఆనుకుని, అక్కడే ఆగిపోయింది.

మేస్త్రీ ఇంజన్ ఆపించి వెనక్కి వంగి, చెయ్యి దూర్చి, ఇంజన్ గోడకు ఆనుకుని కిందికి దిగే ఒక గొట్టం తడిమాడు. దాని చివర గడ్డకట్టిన మన్నులాంటిదేదో తగిలింది. అందరు మేస్త్రీలూ దాన్ని గొట్టంలో భాగమే అనుకున్నారేమో. కత్తితో దారం కోసి పీకాడు. నల్లటి అట్ట. చమురూ దుమ్మూ కలిసి రాయిలా బిగుసుకున్న గుడ్డ, రెండు మడతలు, దారంతో చుట్టి, కడవ మూతికి కట్టినట్టే కట్టి ఉంది.

"ఎవడప్పా ఈ పని చేసినోడు?" అన్నాడు ప్రతాపన్న.

ఎర్రిస్వామి నాయన వైపు ఒక్క క్షణం చూశాడు. అర్థమైపోయినట్టుంది ఆయనకు. తల తిప్పుకుని, "ఎవడో పాత మేస్త్రీ గట్టింటాడులే అన్నా, పోనీ" అంటూ గుడ్డను పక్కన పడెయ్యబోయాడు. పడేసే ముందు అలవాటుకొద్దీ మడత విప్పాడు. దారం కింద చమురు అందని చోట ఆకుపచ్చ రంగు కనిపించింది, దానిమీద పసుప్పచ్చ పూలు.

"నాయనా, అది నా లంగా!" అని అరిచాను నేను. పొట్టి అయిపోయిందని అమ్మ చించేసిన లంగా, నేను రెండు రోజులు ఏడ్చిన లంగా, మళ్ళీ కనపడిందన్న సంతోషం తప్ప నాకు వేరే ఏమీ తట్టలేదు.

ప్రతాపన్న నాయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. నాయన అబద్ధం ఆడలేదు, సాకు చెప్పలేదు. "గాలికాలంలో దుమ్ము పోతాదని కట్టినాన్నా. నోరు తెరుచుకోని ఉంటే సూడలేకపోతి" అన్నాడు. ప్రతాపన్న చెయ్యి చాచాడు. నాయన తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. ప్రతాపన్న ఎక్కి, తనే ఇంజన్ ఆడించి, గేరు గరగరలాడిస్తూ వెళ్ళిపోయాడు. కారు నిలిచిన చోట నేలమీద కొత్త చుక్క ఒక్కటి కూడా లేదు.

మేం బస్సులో వచ్చాం. బస్టాండులో నాయన నాకు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఇప్పించాడు, తను తినలేదు. దారిలో నాకు మెల్లగా సంగతి తెలిసొచ్చి వెక్కిళ్ళు పెడితే, నా తల తన తొడమీద పెట్టుకుని "ఏం కాలేదులే పాపా, నిద్రపో" అన్నాడు. ఆ తరవాత వారం రోజులు ఆయన కూలికి పోయి వేరుశనక్కాయలు వలిచాడు. అమ్మ ఒక్క మాట అనలేదు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించేది నాకు. ఇంకెప్పుడూ నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుని, బళ్ళో టీచరు అడిగినా సమాధానం చెప్పకుండా దెబ్బలు తిన్నాను.

పీర్ల పండగ రోజు ఇంట్లో బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తున్నాం. ఊరంతా డప్పులు, ఊదు పొగ. హిందువులూ మేమూ కలిసి పీర్లకు పానకం పోసే రోజు. మధ్యాహ్నం కారు గేరు అరుపులు దూరం నుంచే వినిపించాయి. నాయన వినలేక చెవులు మూసుకున్నంత పని చేశాడు. కారు ఎగిరెగిరి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. ప్రతాపన్న దిగలేదు, పిలవలేదు, మా వైపు చూడను కూడా చూడలేదు. డ్రైవరు సీట్లోంచి మెల్లగా పక్క సీట్లోకి జరిగి కూర్చున్నాడు, అంతే. నాయన చేతులకంటిన బెల్లం గబగబా తుడుచుకుని, చెప్పులు విడిచి ఎక్కాడు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ లోపలికి పోయింది.

ఆ తరవాత పదేళ్ళు తోలాడాయన, ఏ బండ మీదా మరక పడకుండా. కానీ మళ్ళీ బానెట్ ఎత్తి ఏ వస్తువునూ తన చేత్తో ముట్టుకోలేదు.

ఇప్పుడా కారు లేదు. ఎవరో సినిమావాళ్ళు కొనుక్కుపోయారని విన్నాను. ఎర్రిస్వామి లేడు, ఆయన షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం. ఎర్ర చెలకల్లో సగం దాకా సోలార్ పలకలు పరుచుకున్నాయి, వాటి వెనక గుట్టలమీద గాలిమరలు తిరుగుతున్నాయి. బండి చెడితే ఇప్పటివాళ్ళు తీగ తగిలించి కంప్యూటరు తెరమీద చూసి చెప్తారు. ఇంకొకడి తప్పును కప్పడానికి తనను తాను అబద్ధంలోకి దించుకునే మేస్త్రీ నాకు మళ్ళీ తారసపడలేదు.

లారీ వెనక వచ్చిన ఆ రోజే ఇంటికి చేరి నాయన్ను అడిగాను. మాతోనే ఉంటాడు, చూపు తగ్గింది, మాట తగ్గలేదు. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. "నాయనా, ఆ పొద్దు నేను నోరు మూసుకోని ఉండింటే నీకు ఆ వారం కూలి తప్పేది కదా" అన్నాను.

"నీకేం తెలుసు పాపా. మేస్త్రీ నన్ను కాపాడినాడని నేను సంతోషపడతాంటి, అప్పుడు నువ్వు అరిస్తివి" అన్నాడు. "నువ్వు అరవకుంటే నేనే చెప్పుకోని ఉందును అని మీయమ్మతో శానాతూర్లు అంటి. ఆయమ్మ నమ్మింది. నేను చెప్పింటానో లేదో నాకే తెలీదు. నువ్వు అరిచి, అది తెలుసుకునే గతి నాకు పట్టకుండా చేసినావు. అల్లా నిన్ను సల్లగా సూడల్ల."