చిల్లు లేని గోడ

అద్దం మేస్త్రీ అంటే ఆ చుట్టుపక్కల వీధుల్లో తెలియనివాళ్లు లేరు. ఆయన పరిచిన టైల్స్‌లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎవరో అన్నారు, ఆ మాటే పేరయి కూర్చుంది. చేతికింద ఎంతమంది ఉన్నా ఆఖరి టైలు తనే పెట్టాలి. పెట్టాక తాపీ పిడితో ఒక్కో టైలునూ కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. బోలుగా మోగిందా, అది ఊడి రావాల్సిందే. పనిలో అంత నిక్కచ్చి మనిషి. ఇంటికొచ్చాక మాత్రం ఆ చెవి పనిచేసేది కాదు.

ఇల్లు మామూలుదే. స్నానాల గది మాత్రం ఆయన ప్రాణం. నేల నుంచి కప్పు దాకా పాలమీగడ రంగు టైల్స్, ఎక్కడ చూసినా ఒకటే మెరుపు, గోడకు ఒక్క చిల్లు లేదు. తువ్వాలు వేసుకునే కడ్డీకి కూడా గోడ తొలవనివ్వలేదు. పాపం ఆ తువ్వాలు తలుపు మీదే వేలాడేది. పని ఒప్పగిద్దామని వచ్చినవాళ్లను నేరుగా ఆ గదికే తీసుకొచ్చేవాడు. "మాటలెందుకండీ, మీరే చూడండి" అనేవాడు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టి, పని ఖాయం చేసుకుని వెళ్లేవారు.

ఆయన భార్యకు కీళ్లవాతం. ముందు వేళ్లకు వచ్చింది, తర్వాత మోకాళ్లకు దిగింది. పొద్దున్నే పిడికిలి ముడవాలంటే ఆ వేళ్లను ఎంతసేపు బతిమాలాలో! గుండ్రటి కుళాయి తిప్పలేక మణికట్టుతో తోసేది. గడియ వేళ్లకు లొంగదు కాబట్టి తలుపు దగ్గరికి వేసుకోవడమే. అయినా మనిషి నోటికి మాత్రం ఏ వాతమూ రాలేదు. "మా ఆయన నున్నగా చేయలేనిది నా మోకాళ్లొక్కటే" అని పక్కింటావిడతో చెప్పి నవ్వేది.

వంట కూతురు చేసేది. తల కూతురే దువ్వేది, బొత్తాలు కూతురే పెట్టేది. తనంతట తాను చేసుకునే పని స్నానం ఒక్కటే మిగిలింది. "ఆ తలుపేసుకున్న కాసేపే నేను మనిషిని. అది కూడా పోయిందంటే మూటనే" అనేది.

ఒకరోజు భర్తను అడిగింది. "ఏవండీ, కమోడ్ పక్కన ఒక కడ్డీ, నీళ్లు పోసుకునే చోట ఒక కడ్డీ బిగించండి. పట్టుకుని లేస్తాను."

"ఆ గోడకా?" కన్నబిడ్డ ఒంటికి కత్తి పెట్టమన్నట్టు చూశాడు మేస్త్రీ. "డ్రిల్లు పెడితే టైలు పగులుతుందే. ఒక్కటి పగిలినా ఆ రంగు మళ్లీ దొరకదు."

"నేను పగిలితే దొరుకుతానా?"

"నీకన్నీ వేళాకోళమే."

ఆవిడ కూడా నవ్వేసింది. నవ్వకుండా ఉండాల్సింది. ఆడవాళ్లు నవ్వుతూ అడిగినదాన్ని మగవాళ్లు అడిగినట్టే లెక్కవేయరు.

విడ్డూరం ఏమిటంటే, పైవాళ్లకు ఆయన చెప్పేది వేరు. "ఇంట్లో పెద్దవాళ్లున్నారా? అయితే నేలకు నున్నటిది వద్దండి, గరుకు టైలు వేద్దాం. కడ్డీలు బిగిద్దాం. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి, లోపల ఎవరైనా పడినా మనం వెళ్లేలా ఉండాలి." అక్షరాలా ఇలాగే చెప్పేవాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తను పోయి కుడితిలో పడిందట. మేస్త్రీగారింటి తలుపు లోపలికే తెరుచుకునేది.

చివరికి మందుల షాపులో పనిచేసే కూతురే ఒక రబ్బరు మ్యాటూ, కూర్చుని స్నానం చేయడానికి ఒక ప్లాస్టిక్ స్టూలూ తెచ్చింది. తల్లికి ప్రాణం లేచొచ్చింది. మేస్త్రీ కాదనలేదు, ఒక్క షరతు పెట్టాడు: గది చూడటానికి ఎవరైనా వస్తే అవి కనిపించకూడదు. ఆ పచ్చటి మ్యాటు పరిచి ఉంటే తన పనితనం ఎవరికి కనిపిస్తుందని ఆయన బాధ. అందుకని బెల్లు మోగగానే ఆవిడ గోడ పట్టుకుంటూ వెళ్లి, స్టూలు మంచం కిందికి తోసి, మ్యాటు చుట్టి బీరువా పక్కన దాచేది. వాళ్లు వెళ్లాక మళ్లీ పరిచేది. మేస్త్రీయే ఆ పని చేయొచ్చు. తట్టలేదు, అంతే. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్లం. కాదు కనకే ఇంత బాధ.

ఆ రోజు కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న దంపతులు వచ్చారు. మేస్త్రీ భార్య ఎప్పటిలాగే అన్నీ తీసేసింది. మేస్త్రీ నేలను పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచి చూపించాడు. మెచ్చుకున్నారు. వాళ్లను సాగనంపడానికి గేటు దాకా వెళ్లి అక్కడే కబుర్లలో పడ్డాడు. ఇంట్లో ఆవిడ మోకాళ్లు బాగా వాచి ఉన్నాయి. మ్యాటు పరవడానికి మళ్లీ వంగే ఓపిక లేక, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని స్నానానికి వెళ్లింది.

ఆ చప్పుడు గేటు దాకా వినిపించింది. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి తలుపు తోశాడు. అది కొంచెం తెరుచుకుని ఆగిపోయింది. అడ్డంగా ఆవిడే పడి ఉంది.

"తొయ్యకండి, నా కాలు" అంది లోపలి నుంచి. తర్వాత నెమ్మదిగా, "ముందు ఆ తువ్వాలు ఇటు వెయ్యండి. ఎవరైనా వస్తారు" అంది.

ఉలీ సుత్తీ తెచ్చి, తలుపు పైభాగం పగలగొట్టి లోపలికి దిగాడు. తుంటి ఎముక విరిగింది.

ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే గది పని మొదలుపెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేల మీది నున్నటి టైల్స్ ఉలితో పెకలించాడు. బోలు లేకుండా పరిచినవి కదా, ఒక్కటీ సులువుగా రాలేదు. గరుకువి పరిచాడు. మోచేత్తో నొక్కితే తిరిగే కుళాయి పెట్టాడు, తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాడు. ఆఖరున కడ్డీల కోసం గోడకు డ్రిల్లు పెట్టాడు. ఒక చిల్లు, ఇంకో చిల్లు, అన్నీ అయిపోయాయి. ఒక్క టైలూ పగల్లేదు. చిన్న గీత కూడా పడలేదు. అది చూసి మేస్త్రీ డ్రిల్లు పక్కన పడేసి, ఆ గచ్చు మీదే కూలబడి ఏడ్చాడు.

ఇంటికొచ్చిన ఆవిడను తండ్రీ కూతురూ చెరోపక్క పట్టుకుని తీసుకెళ్లి గది చూపించారు. ఆవిడ కడ్డీ మీద చెయ్యి వేసింది. వేళ్లు దాని చుట్టూ ముడుచుకోలేదు. మంచంలో ఉన్నన్నాళ్లూ అవి ఇంకా బిగుసుకుపోయాయి.

"బాగా చేశారండీ" అంది, ఆ కడ్డీని అరచేత్తో నిమిరి.

ఇప్పుడు కూతురే స్నానం చేయిస్తుంది. తలుపు తెరిచే ఉంటుంది. నీళ్లు పోస్తున్నంతసేపూ ఆవిడ స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చుంటుంది. పక్కింటావిడ వచ్చినా వేళాకోళాలు లేవు.

మొన్న మళ్లీ బెల్లు మోగింది. టైల్స్ పని ఉందని ఎవరో వచ్చారు. ఆ గది చూపించడం ఎప్పుడో మానేసిన మేస్త్రీ వాళ్లతో గుమ్మంలోనే నిలబడి మాట్లాడుతున్నాడు. లోపల మంచం మీది నుంచి ఆవిడ గొంతు కంగారుగా వినిపించింది.

"ఏవండీ, వాళ్లను ఒక్క నిమిషం ఆపండి. స్టూలు లోపలే ఉండిపోయింది. నేను లేవలేను, ఈసారికి మీరే తీసేయండి."