టిష్యూ ప్యాకెట్లకు వాయించిన మనిషి

మధ్యాహ్నం తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో బల్ల తుడుచుకుందామని టిష్యూ ప్యాకెట్ చింపితే చవకబారు మల్లెపూల సెంటు గుప్పుమంది. సింగపూర్లో ఖాళీ కుర్చీ ముందు ఈ ప్యాకెట్ ఒకటి పడేసి తిండి తెచ్చుకోవడానికి వెళ్ళిపోవచ్చు, ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు. దీన్ని ఇక్కడ ‘చోప్’ అంటారు. మన ఊళ్ళో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే, కాకపోతే ఇక్కడ తగాదాలుండవు. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఫిన్‌బార్ అంకుల్ గుర్తొస్తారు.

ఆయన దగ్గరికి నేను పొరపాటున వెళ్ళాను. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో ఐటీ ఉద్యోగం నాది. మాది కాకినాడ. నోరు తెరిచానంటే వడగళ్ళ వానే. ఒకసారి మీటింగులో ఇరవై స్లైడ్లు ఐదు నిమిషాల్లో చెప్పేసి గర్వంగా కూర్చున్నాను. మా డైరెక్టరమ్మ గదిలోకి పిలిచి, “నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడు నెలల తర్వాత ఇదే విషయం పెద్దవాళ్ళ ముందు చెప్పాలి. అప్పుడూ ఇలాగే అయితే నీ టీమ్‌ని ఇంకొకరికి ఇవ్వక తప్పదు” అన్నారు. ఒక్కొక్కరినీ ఏరికోరి తెచ్చుకున్న టీమ్ అది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

సరిగ్గా ఆ వారమే ఆఫీసు కింద కాఫీ కొట్టు గోడ మీద ఒక కాగితం కనబడింది. ‘స్లైడ్ నేర్పబడును. తొందర మనుషులకు ప్రత్యేక శ్రద్ధ.’ దేవుడే రాయించాడనుకున్నాను. శనివారం ల్యాప్‌టాప్ పట్టుకుని తంజోంగ్ పగార్‌లో ఆ చిరునామాకి వెళ్ళాను. నూడుల్స్ కొట్టు పైన చిన్న గది, అందులో తెల్లటి పిలక వేసుకున్న పొడుగాటి ఐరిష్ పెద్దాయన ఉన్నారు. “చూడండి అంకుల్, ఇవీ నా స్లైడ్లు” అంటూ మొదలుపెట్టాను. పాపం, ఆయన ఇరవై స్లైడ్లూ ఓపిగ్గా చూశారు. ఆ తర్వాత సీసా మెడలోంచి కోసిన గాజు గొట్టం ఒకటి చిటికెనవేలికి తొడుక్కుని, గిటారు తీగ మీద మెల్లగా జరిపారు. గది మొత్తం మూలిగింది.

“ఇది నా స్లైడ్” అన్నారు.

నేను సిగ్గుతో చచ్చి, ల్యాప్‌టాప్ మూసి లేవబోయాను. “కూర్చో. నీ స్లైడ్లలో తప్పేమిటో నాకు తెలియదు. కానీ ఇరవైలో ఎక్కడా నువ్వు ఊపిరి తీసుకోలేదు. నా కాగితం నీకోసమే” అన్నారు.

ఆయనిచ్చిన పాత గిటారుతో ఇంటికొచ్చేసరికి మా ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. “స్లైడ్లు నేర్చుకుంటానని వెళ్ళి గిటార్ తెచ్చావేంటే పద్మా? ఆయన పేరేంటన్నావ్, ఫిన్‌బారా? పేర్లోనే బారుంది, ఇంకేం నేర్పుతాడు!” మా అమ్మాయి బాధ వేరు, అదీ సింగపూర్ యాసలో. “అమ్మా, ప్లీజ్ లా, డోర్ క్లోజ్ చెయ్. నైబర్స్ విల్ కంప్లెయిన్!” దాని తప్పేం లేదు, నా వాయింపు పిల్లి తోక తొక్కినట్టే ఉండేది.

“తీగను నొక్కకు, తాకు. కింది నుంచి మెల్లగా స్వరం దాకా వెళ్ళు. చేరాక ఆగు. ప్రతిసారీ దిగాల్సిన స్టేషన్ దాటిపోతున్నావు” అనేవారు అంకుల్. మూడు నెలలూ అదే పాఠం. ఒక్క పాట కూడా పూర్తిగా రాలేదు.

ఒకరోజు తన సంగతి చెప్పారు. కార్క్ అనే రేవు పట్టణంలో పుట్టి, నలభై ఏళ్ళు దేశదేశాల్లో బ్లూస్ సంగీతం వాయించారు. ఎక్కడికెళ్ళినా, పెద్ద బృందం వచ్చేలోపు జనాన్ని కూర్చోబెట్టే మొదటి వాయిద్యం ఆయనది. “మిగతా దేశాల్లో ఖాళీ కుర్చీలకు వాయించాను. ఇక్కడ మొదటి వరుస నిండా టిష్యూ ప్యాకెట్లు! మనుషులంతా తిండికెళ్ళారు. అయినా నాకిది ప్రమోషనే కదా?” అని పడీపడీ నవ్వారు.

“బాధనిపించలేదా అంకుల్?”

“మొదట్లో గబగబా వాయించేసి దిగిపోయేవాణ్ణి. తర్వాత తెలిసింది. ప్యాకెట్ ఉందంటే మనిషి వస్తాడని అర్థం. వచ్చేసరికి నేను బాగా వాయిస్తూ ఉండాలి.”

పెద్దవాళ్ళ ముందు చెప్పాల్సిన రోజున అంకుల్ నా చేతిలో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి పంపారు. దాన్ని మీటింగు గదిలో ముందు వరుస మధ్య కుర్చీలో పెట్టాను. డైరెక్టరమ్మ వచ్చి, ప్యాకెట్ చూసి, అసలైన సింగపూర్ మనిషిలా కిక్కురుమనకుండా వెనక వరుసలో కూర్చున్నారు. నేను ఆ ప్యాకెట్‌నే చూస్తూ చెప్పాను. స్లైడ్ అయిన ప్రతిసారీ ఆగాను. నేను ఆగితే ఏదో చెడిపోయిందనుకుని, ఫోన్లు చూసుకునేవాళ్ళు తలలెత్తారు. ఎత్తిన తలలు మళ్ళీ దించలేదు. “ఈసారి అర్థమైంది. ఇంతకీ ఆ సీటెవరిది?” అన్నారు డైరెక్టరమ్మ. మా గురువుగారిదన్నాను. టీమ్ నాకే ఉండిపోయింది.

పోయిన ఏడాది ఆయన నిద్రలోనే పోయారు. ఆయన వాయించే చోటే శిష్యులమంతా కలుసుకున్నాం. చూస్తే మొదటి వరుస నిండా టిష్యూ ప్యాకెట్లు. ఆ కథ నాకొక్కదానికే చెప్పారనుకున్నాను గానీ, అందరికీ చెప్పారట. తలా ఒకటి తెచ్చారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. అలవాటుగా గబగబా మొదలుపెట్టి, ఆయన గుర్తొచ్చి ఆగాను. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఒక ప్యాకెట్ చింపిన చప్పుడు వినబడింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. కాసేపటికి గది నిండా మల్లెపూల సెంటే. నేనూ ఏడ్చాను.

ఇంట్లో నా నోరు ఇప్పటికీ వడగళ్ళ వానేనని మా ఆయన ఎవరడిగినా చెబుతాడు. ఆఫీసులో మాత్రం మాట్లాడబోయే ముందు మొదటి వరుసలో ఒక ప్యాకెట్ పెడతాను. అంకుల్ తిండికి వెళ్ళారు, అంతే. వచ్చేసరికి నేను బాగా చెబుతూ ఉండాలి.