బాపు కంచం పక్కన

పాతబస్తీ జహనుమాలో మాది పాలవ్యాపారం చేసే ఇల్లు. నేను మాత్రం నగరానికి అవతలి కొసన భోజనం కూడా పెట్టే ఒక బ్రూవరీలో బీరు కాస్తాను. అక్కడికి వచ్చే పెద్దమనుషులు మా బీరును కబుర్లకు తాగేసి, భోజనం రాగానే వైన్ అడుగుతారు. చాంద్రాయణగుట్టలో 'వైన్స్' బోర్డున్న దుకాణంలో వైన్ కొన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు, వీళ్లకు ఎక్కడ అలవాటైందో! మన కారానికి వైన్ మంట పెంచుతుంది, చింతపులుపు ముందు చప్పబడుతుంది. బీరు అలా కాదు. దాని నురగ నోట్లో పేరుకున్న కొవ్వును కడిగేసి, తర్వాతి ముద్దకు నాలుకను సిద్ధం చేస్తుంది. చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

వాళ్లు ఒప్పుకోకపోతే పీడా పోయె. ఇంట్లో మా బాపు ఒప్పుకుంటే చాలనుకున్నాను.

ఒక ఆదివారం అమ్మ చింతచిగురు వేసి మేకపేగుల బోటి వండింది, జొన్నరొట్టెలు చేసింది. నేను కాచిన నల్ల బీరు తెచ్చాను. దానికి బార్లీని బాగా నల్లగా వేయిస్తాం. రొట్టె మీద మాడిన మచ్చలకు ఉండే వాసనే అందులోనూ ఉంటుంది. బాపు తాగనివాడేం కాదు. కాకపోతే కల్లు తాగి, చేతులు కడుక్కుని, ఆ తర్వాతే కంచం ముందు కూర్చుంటాడు. ఆ రోజు కంచం పక్కనే గ్లాసు పెట్టాను.

"అన్నం కాడ గిదేంది?" అన్నాడు.

"ఒక్క బుక్క తిని ఒక్క గుటక తాగు బాపూ. బోటికి మస్తుంటది."

"తియ్యి. తాగుబోతోని లెక్క గిట్ల కలిపి తింటరా ఎవలన్న?"

అమ్మ గ్లాసు తీసి గోడవారగా పెట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నురగ దిగిపోయేదాకా దానినే చూస్తూ తిన్నాను.

బీరు కాచాక మిగిలే బార్లీ పిప్పిని మాత్రం బాపు వద్దనడు. సంచుల్లో తెస్తే దగ్గరుండి దింపించుకుంటాడు. బర్రెలు ఎగబడి తింటాయి. పాలు చిక్కబడ్డాయని ఆయనకు ఒకటే సంబరం. ఆ పాలు తోడేసిన పెరుగుతోనే రోజూ కడుపునిండా తింటాడు.

మొన్న పాలకు వచ్చిన కొత్త గిరాకీ ఒకాయన నన్ను చూసి, "మీ కొడుకా? ఏం పని చేస్తడు?" అని అడిగాడు.

బాపు తడుముకోలేదు. "దాణా కంపెనీల చేస్తడు" అన్నాడు.

గిరాకీ ఆయన నా వైపు చూశాడు. అవునని తలూపి, భుజం మీది పిప్పి సంచి దింపాను.