వానకు నిలవని మాట

లేనివాణ్ణి ఊరికే లేనివాడంటే బావ ఒప్పుకునేవాడు కాదు. ఎంత లేదు, ఎప్పట్నుంచి లేదు, ఒకప్పుడు ఉండేదా, రేపటికైనా వస్తుందా అని కూపీ లాగి, దానికి తగిన ఇంగ్లీషు మాట చేతిలో పెట్టి గానీ మనిషిని కదలనిచ్చేవాడు కాదు. బోర్డులు రాసుకునేవాడికి ఇంత పాండిత్యం ఎందుకని ఎవరైనా అడిగితే, "ఉన్నవాడికి ఒక్క మాట చాలు. లేనివాడికి డజను మాటలున్నాయి. ఎవడి మాట వాడికి అందొద్దూ?" అనేవాడు.

ఆయనకు డిక్షనరీ అని పేరు పెట్టింది ఎదురు కొట్టు టైలరు. అతను ఒకరోజు నోరు జారి, "ఈ నెల చేతిలో డబ్బాడటం లేదు గురువుగారూ, పూర్ అయిపోయాను" అన్నాడు. అంతే, బావ నిచ్చెన మీంచి దిగొచ్చాడు.

"పూర్ కాదు, బ్రోక్."

"రెండూ ఒకటే కదండీ?"

"ఎక్కడ ఒకటి? బ్రోక్ అంటే చుట్టపుచూపుగా వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది. పూర్ అంటే కాపురం. మీ ఇంట్లో అదింకా పెట్టె దించలేదు."

"మరి మా పెదనాన్నో? రెండు దుకాణాలుండేవి. ఇప్పుడు చిల్లిగవ్వ లేదు."

"బతికి చెడ్డ మనిషి. దాన్ని ఇంపావరిష్డ్ అంటారు. ఆ మాట కూర్చుని అనకూడదయ్యా, లేచి అనాలి."

టైలరు మెళ్ళో టేపుతో సహా లేచి నిలబడ్డాడు. ఆ పూట ఇవ్వాల్సిన జాకెట్లు మర్నాటికి వాయిదా పడ్డాయి.

ఈ గోలంతా భరించాల్సినవాడు బావమరిది. ఆరేళ్ళుగా బావ కొట్లోనే పని చేస్తూ, గీతలు కొట్టడం, అక్షరం తిప్పడం నేర్చుకున్నవాడు. బావ చేతి అక్షరం చుట్టుపక్కల ఇంకెవరికీ రాదని రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. తలవంపు ఒక్కచోటే. టైలరు బోర్డు ఇరవై ఏళ్ళ నాటిదైనా నిన్న రాసినట్టే ఉండేది. కానీ ధర్మాసుపత్రికో, ఉచిత బడికో రాసిన బోర్డులో మాత్రం మొదటి వానకే ఒక మాట కారిపోయేది. "నోరాడినంతసేపూ మీ బావకి చెయ్యాడదోయ్. వాదిస్తూ కలిపిన రంగు నిలుస్తుందా?" అని జనం నవ్వేవారు. వాళ్ళతో కలిసి బావా నవ్వేవాడు. బావమరిదికి మాత్రం ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆ చెడ్డపేరు పోగొట్టుకునే రోజు రానే వచ్చింది. మిల్లు యజమాని ఆడపిల్లలకు హాస్టలు కట్టించి, బోర్డు రాయమని కబురు పెట్టాడు. "ఈ వానాకాలం తట్టుకుందా, మా మిల్లు గోడలన్నీ మీవే" అన్నాడు. అంటే రెండేళ్ళ పని. ఆ సంతోషంలో బావమరిది నిచ్చెనకు కూడా కొత్త తాడు కట్టాడు.

"హోమ్ ఫర్ డెస్టిట్యూట్ గర్ల్స్ అని రాయి. కింద నా పేరు" అన్నాడు యజమాని.

బావ గొంతు సవరించుకున్నాడు. బావమరిది గబగబా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, డెస్టిట్యూట్ అంటే దిక్కూ మొక్కూ లేనివాళ్ళు. మీరు ఇల్లు కట్టించారు, మంచాలు వేయించారు, వార్డెనమ్మని పెట్టారు. దుప్పటి కోసం దెబ్బలాడుకోడానికి వాళ్ళకి ఒకళ్ళకొకళ్ళున్నారు. ఆ మాట రాస్తే మీరేమీ ఇవ్వనట్టే కదండీ?"

"సరే, ఇండిజెంట్ అని రాయి."

"అది ఆఫీసు ఫైళ్ళలో మాటండీ. పక్కన ముద్ర పడితే గానీ అందం రాదు."

"నీడీ?"

"కావలసింది అందాక ఇంకా నీడీ ఏమిటండీ?"

"చూడవయ్యా, ఆ మాట ఉంటేనే ఇచ్చినవాడి గొప్ప తెలిసేది. రాస్తావా, ఇంకొకణ్ణి పిలవనా?"

బావమరిది బావ కాలు తొక్కాడు. బావ కాలు వెనక్కి తీసుకుని, "రాస్తానండీ, పెద్దక్షరాల్లో రాస్తాను" అన్నాడు బుద్ధిగా. అంత తేలిగ్గా ఓడిపోయిన బావను అతను మునుపెన్నడూ చూడలేదు.

శనివారం మధ్యాహ్నం బావమరిది భోజనం చేసి వచ్చేసరికి బోర్డు దాదాపు పూర్తయింది. ఆ ఒక్క మాటా మిగిలింది, దాని చోట అప్పుడే వేసిన పూత ఆరుతోంది. దానికోసం బావ చిన్న గిన్నెలో రంగు కలుపుతున్నాడు. బావమరిది వేలు ముంచి చూశాడు.

"బావా! ఇది గోడలకేసే పొడిరంగు! జిగురునీళ్ళు! అంటే ఇన్నాళ్ళూ కారిపోయిన మాటలన్నీ..."

"నెమ్మదిరా, మీ అక్క వింటుంది."

"ఊరంతా నీ రంగు నిలవదని నవ్వుతున్నారు!"

"నవ్వనీ. ఆ మాట నిలవకపోతే చాలు." బావ గిన్నెలోకి చూస్తూ అన్నాడు. "చిన్నప్పుడు బళ్ళో నాకు ఊరికే చొక్కా ఇచ్చార్రా. జేబు మీద ఎర్రదారంతో పూర్ బాయ్స్ ఫండ్ అని కుట్టారు. చొక్కా వెలిసింది, గుండీలు ఊడాయి, మోచేతులు చిరిగాయి. ఆ దారం మాత్రం చెక్కుచెదరలేదు. అంత గట్టి రంగు మళ్ళీ నేను చూళ్ళేదు."

ఇది కూడా నవ్వుతూనే చెప్పాడు. బావమరిదికి నవ్వు రాలేదు. రెండేళ్ళ పని కళ్ళెదుటే కారిపోతోంది. బావకు చెప్పకుండా ఆ మాట మీద ఆయిలు పెయింటుతో దిద్దేస్తే సరి అనుకున్నాడు.

ఆదివారం బోర్డు ఎక్కింది. సోమవారం పొద్దున్నే అతను నిచ్చెనా, పెయింటు డబ్బా పట్టుకుని హాస్టలుకు వెళ్ళాడు. ముందు గేటు బార్లా తెరిచి ఉంది గానీ అందులోంచి ఒక్క పిల్ల రావటం లేదు. పుస్తకాల సంచులతో అందరూ వంటింటి పక్క సందులోంచి, మురుగుకాలవ దాటుకుంటూ వస్తున్నారు.

"అంత గేటుండగా ఈ సందేంటమ్మా?"

"అటు బోర్డుందండీ" అంది ముందున్న పిల్ల.

"ఉంటే?"

"మా బళ్ళో అందరికీ ఇంగ్లీషొచ్చండీ."

అతను డబ్బా మూత తియ్యలేదు. నిచ్చెన భుజానేసుకుని తిరిగొచ్చేశాడు. అప్పటిదాకా మబ్బు పడితే హడలిపోయినవాడు ఆ రోజు నుంచి మెడ నొప్పెట్టేలా ఆకాశం కేసి చూడటం మొదలుపెట్టాడు.

తొమ్మిదో రోజున కుండపోతగా కురిసింది. తెరిపివ్వగానే యజమాని నుంచి పిలుపొచ్చింది. బావా బావమరిదీ వెళ్ళేసరికి ఆయన గేటు ముందు తలెత్తుకుని నిలబడి ఉన్నాడు. బోర్డు మీద హోమ్ ఫర్ ఉంది, గర్ల్స్ ఉంది. మధ్య మాట కింది పూతతో సహా కరిగిపోయి, దాని అడుగున ఆయిలు పెయింటుతో ముందే వేసిన పూలతీగ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా బయటపడింది. అది బావమరిదికి కూడా తెలియదు. అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెయ్యి తన బావది!

"ఏమయ్యా, ఇదేనా మీ పనితనం?"

బావ నోరు తెరిచేలోగా బావమరిది ముందుకొచ్చాడు. "ఆ ఒక్క మాటా నేను రాశానండీ. నాకింకా చెయ్యి తిరగలేదు. మిగతాదంతా బావదే."

"నా పేరెవరు రాశారు?"

"బావేనండీ."

యజమాని కింద తన పేరు కేసి చూసుకున్నాడు. ప్రతి అక్షరం అద్దంలా మెరుస్తోంది. అంతలో పిల్లలు బడి నుంచి వచ్చి, ముందు గేటులోంచే, ఆయనకు నమస్కారాలు పెడుతూ లోపలికి వెళ్ళారు. "ఆ తీగ చెరపకండి, బాగుంది" అని వెనక్కి తిరిగి మరీ చెప్పిందొక పిల్ల.

"ఊఁ, బాగానే ఉంది, ఉండనీండి" అన్నాడాయన. "మిల్లు గోడలు బావ రాస్తాడు. ఈ కుర్రాడు మాత్రం బ్రష్షు ముట్టుకోకూడదు!"

ఊళ్ళో చెడ్డపేరు ఆ రోజుతో బావను వదిలి బావమరిదిని పట్టుకుంది. "నీ రంగు నిలవదటగా?" అని టైలరు నవ్వితే, "అవునండీ, మా బావ దగ్గర నేర్చుకున్నాను" అని రొమ్ము విరుచుకున్నాడు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని అడిగాడు. "ఉన్న పేరు కూడా పోయింది బావా. ఇంగ్లీషులో నన్నిప్పుడు ఏమంటారు?"

బావ సీరియస్‌గా ఆలోచించాడు. బ్రోక్ కాదన్నాడు, ఇంపావరిష్డ్ కాదన్నాడు. వేళ్ళు లెక్కపెట్టుకుంటూ డజను మాటలూ తిరగేశాడు, ఒక్కటీ కుదరలేదు.

ఇంగ్లీషు గొడవ ఏనాడూ పట్టించుకోని అక్క లోపల్నుంచి కేకేసింది. "రిచ్ అని రాయండి! ఆయిలు పెయింటుతో!"